ఏడ్చి ఇరిగే ఇనుము

మా బావ సైకిలు కొంటానన్నప్పుడు నేను పడీ పడీ నవ్వినా. యాభై దాటిన మనిషి, పొద్దుగూకితే మోకాళ్ళకు నూనె రాయించుకొనే మనిషి, సైకిలెక్కి యానాం దాకా పోతానంటే నవ్వక ఏం చేయమంటారు? బావ అంటే ఇంకెవరో కాదు, నా మొగుడే. మేనత్త కొడుకు. చిన్నప్పట్నుంచీ బావా అని పిలిచిన నోటికి పెళ్ళయినాక ఏమండీ అనేది రాలేదు. మా పుదుచ్చేరి ఊరికి నీళ్ళెక్కించే పంపుహౌసులో ఆయన ఆపరేటరు. నేను ముత్తియాల్‌పేటలో మా ఇంటి ముందు గదిలోనే మిషను పెట్టుకొని జాకెట్లు కుడతా. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే నాకు ఒళ్ళు జలదరిస్తాది.

యానాం ఎందుకంటారా, ఈడ సర్కారు కొలువులో ఉండేవాళ్ళకు ఎప్పుడో ఒకప్పుడు దూరం పోయే వంతు వస్తాది. కారైక్కాలో, మాహేనో, యానామో. ఆ వంతు తప్పించుకోవాలని అందరూ కాళ్ళూ గడ్డాలూ పట్టుకుంటారు. మా బావ ఒక్కడే యానాం ఎప్పుడిస్తారా అని ఎదురు చూసినాడు. ఆడ అంగట్లో, బస్సులో, ఆఫీసులో, చివరికి గోడల మీద రాతలు కూడా తెలుగేనంట. మాది నోటి తెలుగు. యాడినుంచో వచ్చి ఈడ పాతుకుపోయినోళ్ళం, ఎప్పుడొచ్చిందీ మా తాతలకే తెలీదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. చదివేది, రాసేది అంతా తమిళమే. తెలుగు అక్షరాలు మా ఇంట్లో ఎవరికీ వచ్చేవి కాదు, ఈ వంకర అక్షరాలు నేను నేర్చుకుంది కూడా ఈ మధ్యనే.

బస్సులో పోతే నిద్రపోయి లేచేసరికి ఊరొచ్చేస్తాదంట, అది ఆయనకు వద్దంట. సముద్రం ఒడ్డు పట్టుకొని మెల్లగా పోవాలంట. కాలాపేట మీదుగా చెన్నై, ఆడినుంచి పులికాట్ పక్కన ఇసక దార్లు, పాత కాలవ గట్లు, నెల్లూరు, ఇంకా పైకి. దోవలో ప్రతి ఊర్లో టీ తాగుతా, జనాల మాటలు వింటా పోతే, తమిళం యాడ ఆగి తెలుగు యాడ మొదలైతాదో ఆ చోటు తెలుస్తాదంట. "ఆ చోట దిగి కాసేపు కూచోవాల" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖం చూసి నేను నవ్వడం మానేసినా. నవ్వు పోయి భయం పట్టుకుంది.

భయం ఒకటే. తారురోడ్డు మీద ఏమైనా అయితే నలుగురు మనుషులుంటారు. ఆ కాలవ గట్ల మీద, ఉప్పు నేలల్లో, చుట్టూ ఎవరూ లేని చోట బండి ఇరిగి పడిపోతే? చూసేవాడుండడు, ఎత్తేవాడుండడు. అందుకని బండి ఎంచేటప్పుడు నేనూ కూడా పోయినా. నేను లేకుండా కొననిచ్చేదాన్ని కాదు.

సైకిళ్ళ అంగడి మా వీధి చివర్నే. అంగడతను ఊర్లో తిరిగే మామూలు సైకిళ్ళ జోలికి పోడు. దేశాలు తిరిగే తెల్లోళ్ళు తెచ్చే పెద్ద సైకిళ్ళు బాగు చేస్తాడు, వాళ్ళు వదిలేసి పోయేవి అమ్ముతాడు. పొడుగ్గా, ఎప్పుడూ నిద్ర చాలనట్టు ఉంటాడు గానీ మాట మాత్రం నిదానంగా, తూచినట్టు మాట్లాడతాడు. మా ముందర మూడు బండ్లు నిలబెట్టినాడు.

ఒకటి కార్బను. బావ ఒంటి చేత్తో పైకెత్తేసినాడు, నాకు తెగ నచ్చింది. అంగడతనే దాన్ని వద్దన్నాడు. రాయి తగిలి లోపల చీలినా బయటికి కనపడదంట, ఒకరోజు చెప్పా పెట్టకుండా రెండు ముక్కలైతాదంట. రెండోది అల్యూమినియం, కొత్తది, ముందర స్ప్రింగులు. తుప్పు పట్టదు, తేలిక. కానీ అది కూడా అలిసిపోయిందంటే ఉన్నట్టుండి పోతాదంట, పల్లెల్లో వెల్డింగు చేసేవాళ్ళు దాన్ని ముట్టుకోరంట. మూడోది స్టీలు. ఆకుపచ్చ రంగు, అక్కడక్కడ గీతలు, లావు టైర్లు, ముందూ వెనకా సంచులు తగిలించను కమ్మీలు. బరువు. గతుకులొస్తే ఇనుము రవ్వంత వంగి మళ్ళా లేస్తాదంట, అందుకని ఎంత దూరం పోయినా నడుమూ మణికట్లూ అంతగా నొప్పి తీయవంట. ఏదైనా అయితే యే ఊర్లో అయినా అతికించుకోవచ్చంట.

ఇదంతా చెప్పి, అంగడతను ఆ ఆకుపచ్చ గొట్టాన్ని వేలితో కొట్టి, ఇనుము ఉన్నపాటున ఇరగదన్నాడు. ముందు సన్నగా నెర్రె ఇస్తాది, టక్కు టక్కుమని సద్దు చేస్తాది, ఆపి చూసుకొనేదానికి మనిషికి టైమిస్తాది. "అళుదిట్టుదాన్ ఒడయుం" అన్నాడు. ఏడ్చినాకనే ఇరుగుతాది అని. బావ "ఏంది, ఏంది?" అని ఆ మాట మళ్ళా చెప్పించుకున్నాడు. అతని ముఖంలోకి చూస్తా ఇంకోసారి కూడా చెప్పించుకున్నాడు. పిల్లోడు కథ మళ్ళా మళ్ళా చెప్పించుకున్నట్టు, మాట అంత నచ్చిందేమో అనుకున్నా.

నచ్చడానికి కారణముండాది. పంపుహౌసులో మా బావకు పెద్ద పేరు. మోటారు బేరింగు పోతా ఉందా లేదా అని చూసేదానికి ఆయన ఒక పొడుగు స్క్రూడ్రైవరు మొన మోటారుకు ఆనించి, పిడి చెవికి ఆనించుకొని, కళ్ళు మూసుకొని వింటాడు. విని, ఇది ఇంకా ఓర్చుకుంటాది, ఇది ఓర్చుకోదు అని చెప్తాడు. ఇంజనీర్లు కూడా ఆయన చెవి మీదే నమ్మకం పెట్టుకునేవాళ్ళంట. మా ఇంట్లో గ్రైండరు గానీ, నా మిషను గానీ, పక్కింటోళ్ళ బండి గానీ, ఏది మొరాయించినా ఆ స్క్రూడ్రైవరు చెవికి ఎక్కాల్సిందే. అట్లాంటి మనిషికి ఏడ్చి చెప్పే ఇనుము కాకుండా ఇంకేం నచ్చుతాది?

నేను అల్యూమినియం తీసుకోమని చెవిలో ఇల్లు కట్టుకొని పోరినా. మా ఇంటి కిటికీ కమ్మీలు చూడు, గేటు చూడు, ఈ ఉప్పు గాలికి ఇనుము బిస్కత్తు మాదిరి రాలిపోతాది అన్నా. విన్లేదు. అయినా మా బావ నా మాట వినకపోవడం కొత్తేం కాదు. పెళ్ళయిన కాడ్నుంచీ నా మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తాడని, రానురానూ ఈ చెవిన వినడం కూడా మానేసినాడని మా చుట్టాల్లో అదొక తమాషా. టీవీ వీధంతా వినపడేటట్టు పెడతాడు. పంపుహౌసులో అందరూ అరిచే మాట్లాడతారు గదా, అదే అలవాటు అనుకునేవాళ్ళం. నేను తిట్టి తిట్టి నోరు నొప్పి పుట్టి ఊరుకునేదాన్ని.

ఆ ఆకుపచ్చ బండి ఎవరిదని అడిగితే అంగడతను దాచకుండా చెప్పినాడు. ఎవరో తెల్లాయన సర్వీసుకు ఇచ్చి, వారంలో వచ్చి తీసుకుంటానని పోయినాడంట. మళ్ళా రాలేదంట. ఫోను పలకలేదంట. ఏండ్లు కాచుకొని, ఇంక రాడని తెలిసినాక అమ్మకానికి పెట్టినాడంట. ఆయన ఏమైనాడో నాకు ఇప్పటికీ తెలీదు. ఆ మాట వినంగానే నాకు గుండెలో రాయి పడినట్టయింది. బావ మాత్రం టైర్లు నొక్కి చూసుకుంటా ఉన్నాడు.

ఇంటికి తెచ్చినాక మా మామకు ఆ మాట చెప్పినా. మామ అంటే బావ నాయన. మిల్లులో పనిచేసి, ఆ మిల్లు మూసినాక ఇంటి పట్టునే ఉండే మనిషి. అత్త పోయినాక ఆయనకు కొడుకు మీద ప్రేమ ఇంకా ఎక్కువైంది, ప్రేమతో పాటు భయం కూడా. యజమాని తిరిగి రాని బండి అని విని ఆయన ముఖం నల్లబడిపోయింది. అట్లాంటి బండి ఊరికే ఎక్కకూడదు, దిష్టి కడగాల అన్నాడు.

మాలో సెకండ్‌హ్యాండు బండి ఏది కొన్నా నిమ్మకాయ తొక్కించి, పసుపు నీళ్ళతో కడుగుతారు. అది ఒకసారి. మా మామకు ఒకసారి చాలలేదు. ప్రతి శుక్రవారం పొద్దున్నే స్నానం చేసి, చెంబుడు నీళ్ళలో పసుపు కలిపి, గుప్పెడు కల్లుప్పు బండి చుట్టూ మూడు సార్లు తిప్పి ఆ నీళ్ళలోనే వేసి, కరిగినాక సీటు మీదనుంచి ధారగా పోసేవాడు. ఉప్పు కరిగినట్టు పోయినోడి పీడ కరిగిపోవాలని. అప్పుడు హ్యాండిలుకు నిమ్మకాయ, గొట్టాలకు పసుపూ కుంకుమా. నేనే పూలు కట్టి ఇచ్చేదాన్ని. ఆయన అంత శ్రద్ధగా చేస్తా ఉంటే మాకు చూడ్డానికి ముచ్చటగానే ఉండేది.

బండి అడుగున, పెడళ్ళ ఇరుసు ఉండే చోట, ఒక చిన్న బొక్క ఉండాది. బండి కడగతా కడగతా మామ దాన్ని చూసినాడు. ఇంత మంచి బండికి బొక్కేంది, దీంట్లోనుంచి సముద్రం గాలి లోపలికి పోయి గొట్టం తినేస్తాది అని ఆయనకు దిగులు పట్టుకుంది. నీళ్ళ పైపుల సందులు మూసే ముద్ద ఉంటాది చూడండి, కాసేపటికి రాయైపోయేది, అది తెచ్చి ఆ బొక్క నిండా కూరి నున్నగా మెత్తినాడు. మెత్తినాక నా ముందరే బావతో చెప్పినాడు, అడుగున బొక్క మూసేసినా, ఇంక భయం లేదు అని. బావ పేపరు చూస్తా తలూపినాడు. మా కొంపలో గాలి లోపలికి పోకుండా ఏది మూసినా మంచిదే, కిటికీలు కూడా సముద్రం వైపువి మూసే ఉంచుతాం. ఎవరికీ ఏమీ అనిపించలేదు.

యానాం వంతు ఈ ఏడు ఆ ఏడు అని జరుగుతా పోయింది. బావ సెలవు దొరికినప్పుడల్లా బండి తీసి తిరిగేవాడు. ఒకసారి కాలాపేట దాకా తారురోడ్డు, ఒకసారి దక్షిణం వైపు ఏంబలం దాకా, పొలాల మధ్య మట్టి దార్లు, వానపడితే బురద. మోకాళ్ళ నొప్పి పోయింది. పొట్ట కరిగింది. ముఖంలో వయసొచ్చిన కొత్తల్లోని తేట కనపడింది. నేను లోపల్లోపల సంతోషపడినా, పైకి మాత్రం తిడతానే ఉన్నా. ఎండాకాలం పోయింది, వానలు పోయినాయి, మళ్ళా వానలొచ్చినాయి. ప్రతి శుక్రవారం ఆ ఉప్పు నీళ్ళు ధారగా పడతానే ఉన్నాయి.

రెండో వానలు పోయినాక ఒకరోజు పొద్దున్నే నేను మిషను ముందర కూచోని ఉండా. బావ బండెక్కి వీధిలోకి పోతా ఉంటే టక్కుమని సద్దు. కుడి కాలు తొక్కినప్పుడల్లా టక్. మిషను తొక్కడం ఆపి విన్నా. టక్. టక్. వీధి మలుపు తిరిగేదాకా వినపడింది. అంగడతను చెప్పిన మాట గుర్తొచ్చి చేతిలో గుడ్డ అట్లే పట్టుకొని కూచున్నా.

సాయంత్రం అడిగితే సద్దా, ఏం సద్దు, ఏం లేదే అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. వీధి చివరుండే పూలామెకు కూడా వినపడే సద్దు, ఎక్కి తొక్కే మనిషికి వినపడదా? బండి బాగలేదంటే నేను యానాం పోనీయనని అబద్ధం ఆడతా ఉండాడు అనుకున్నా. మామను పిలిచి సాక్ష్యం చెప్పించినా. మామకు కూడా వినపడింది, ఆయన సీటు అన్నాడు, సీటుకు నూనె వేసినాడు. సద్దు పోలేదు. నేను పట్టు వదల్లేదు. చివరికి బావ విసుక్కొని లేచి ఆ పొడుగు స్క్రూడ్రైవరు తెచ్చినాడు.

ఆ పొద్దు నాకు బాగా గుర్తుండాది. వసారాలో బండిని స్టాండు మీద నిలబెట్టినారు. స్క్రూడ్రైవరు మొన అడుగున ఇరుసు కాడ ఆనించి, పిడి చెవికి ఆనించుకొని, బావ కళ్ళు మూసుకున్నాడు. మామ ఒంగి చేత్తో పెడలు గట్టిగా నొక్కి నొక్కి తిప్పినాడు. టక్. టక్. వసారా అవతల నిలబడిన నాకే వినపడతా ఉండాది. బావ ముఖంలో ఏ కదలికా లేదు. కాసేపటికి కళ్ళు తెరిచి, లోపల శుభ్రంగా ఉండాది, ఏం భయం లేదు అన్నాడు. మామ నా వైపు చూసి, వాడే చెప్పినాడు గదమ్మా అన్నట్టు చేతులు తుడుచుకున్నాడు. ఆ చెవి మీద ఊరి ఇంజనీర్లే నమ్మకం పెట్టుకున్నప్పుడు నేనెంత? నేను కూడా నోరు మూసుకున్నా. కానీ ఆ రోజు నుంచీ ఆ సద్దు వింటే మిషను తొక్కడం ఆపేసేదాన్ని.

అంతలోనే యానాం ఆర్డరు వచ్చింది. ఇంట్లో పండగ చేసినాడు. సంచులు కొన్నాడు, చిన్న పంపు కొన్నాడు, చొక్కాలు మడిచి పెట్టినాడు. సద్దు రోజు రోజుకూ ముదరతా ఉండాది, ఇప్పుడు టక్కుతో పాటు కిర్రుమని సన్నగా లాగతా ఉండాది. నిండు సంచులతో ఒకసారి కాలాపేట దాకా పోయి వస్తా, బరువెట్లుంటాదో తెలుస్తాది అన్నాడు. నేనూ వస్తా అన్నా. స్కూటీ వేసుకొని వెనకనే బయల్దేరినా. ఎందుకు పోవాలనిపించిందో చెప్పలేను, ఆ పొద్దు ఇంట్లో ఉంటే ఊపిరాడేటట్టు లేదు.

ఈసీఆర్ అని చెన్నైకి పోయే సముద్రం ఒడ్డు రోడ్డు, దాని మీద గాలి బలంగా ఉండాది. సముద్రం కనపడకపోయినా హోరు వినపడతా ఉండాది. బావ ముందర, నేను కొంచెం వెనక. ఆ టక్కు, ఆ కిర్రు నా హెల్మెట్ లోపలికి కూడా వస్తా ఉండాది. రోడ్డు అంచుకు ఇసక కొట్టుకొచ్చి ఉంటే బావ దాన్ని తప్పించి నడిమధ్యకు వచ్చినాడు. వెనకనుంచి బస్సు. డ్రైవరు హారన్ కొట్టినాడు, నేను పక్కకు తప్పుకున్నా. బావ తప్పుకోలేదు. మళ్ళా కొట్టినాడు, ఆ గాలి హారన్ చెవులు పగిలిపోయేటట్టు, ఆపకుండా. బావ మెల్లగా, హాయిగా, నడిమధ్యనే తొక్కతా ఉండాడు. తల కూడా తిప్పలేదు. నా పై ప్రాణాలు పైనే పోయినాయి. నేను అరిచినా, ఏం అరిచినానో తెలీదు. బస్సు కిర్రున బ్రేకు పట్టి, ఆ పక్క ఇసకలో దిగి, ఆయన్ని రాసుకున్నట్టే పోయింది. బస్సు నీడ మీద పడినప్పుడు బావ ఉలిక్కిపడి పక్కకు చూసినాడు. అప్పుడు తెలిసింది ఆయనకు.

ఆపించి తిట్టినా. చెవులు యాడ పెట్టుకున్నావు, కళ్ళు నెత్తికెక్కినాయా అని రోడ్డు మీదనే తిట్టినా. గాలి, గాలికి వినపడలేదు అన్నాడు. ఆయన ముఖం పాలిపోయి ఉండాది.

కాలాపేటలో టీ అంగడి కాడ ఆపినాం. బావ బల్ల మీద కూచోని నాకు వీపు పెట్టి పడవల వైపు చూస్తా టీ తాగతా ఉండాడు. గోడ చాటున ఆడ గాలి లేదు. నేను ఆయన వెనక నిలబడినా. మనసులో ఏదో పురుగు తొలచతా ఉండాది. మామూలు గొంతుతో, బావా, సంచి జిప్పు ఊడింది అన్నా. తిరగలేదు. కొంచెం గట్టిగా, బావా, ఫోను మోగతా ఉండాది అన్నా. టీ అంగడామె నా వైపు తిరిగి చూసింది, బావ తిరగలేదు. ఇంకోసారి పిలిచినా.

"బావా, నేను వెళ్ళిపోతా ఉండా. నిన్ను వదిలేసి వెళ్ళిపోతా ఉండా."

ఆయన గ్లాసు తిప్పి అడుగున ఉండే నురగ చూసుకున్నాడు. అప్పుడు నేను నడిచి ఆయన ముందరికి పోయినా. నన్ను చూసి నవ్వి, టీ చల్లారిపోతాది తాగు అన్నాడు. ఆ నవ్వు చూసి నాకు ఏడుపు తన్నుకొచ్చింది, అవతలికి తిరిగి కొంగుతో ముక్కు తుడుచుకున్నా. ఎన్నేండ్లుగా నన్ను తిట్టించుకున్నాడు ఈ మనిషి, వినడు వినడు అని. టీవీ సద్దు, పంపుహౌసు అరుపులు, అంగడతని మాట మళ్ళా మళ్ళా చెప్పించుకోవడం, మామ చెప్పినదానికి ఊరికే తలూపడం, అన్నీ ఒక్కొక్కటిగా వచ్చి నా ముందర కూచున్నాయి. ఆ మోటార్లే ఆయన చెవులు మింగేసినాయి. మోటార్ల మాట వినే మనిషిగా పేరు తెచ్చుకున్నవాడు అది ఎవరితో చెప్తాడు?

రావడం మాత్రం నేను ముందర, ఆయన వెనక. బండిని మెల్లగా తొక్కమని సైగ చేసినా. ఇంటికి పోకుండా నేరుగా సైకిళ్ళ అంగడికి తీసకపోయినా. మామ వీధిలో మమ్మల్ని చూసి వెనకనే వచ్చినాడు. అంగడతను పెడలు ఒకసారి నొక్కి తిప్పినాడు. వినంగానే అతని చెయ్యి ఆగిపోయింది. సంచులు దించి, సీటు పీకి, బండిని తలకిందులు చేయబోయి, అడుగున ఆ మూసిన బొక్క చూసినాడు. ఎవరు మూసినారని అడిగినాడు. మామ నేనే అన్నాడు, మంచి పని చేసినవాడి మాదిరే అన్నాడు.

అంగడతను ఆ రాయి ముద్దను సన్నటి ఉలి పెట్టి కొట్టి ఊడదీసినాడు. ఆ బొక్కలోంచి నీళ్ళు కారినాయి. ఎర్రగా, చిక్కగా, తుప్పు పెళ్ళలతో, నేల మీద పారతానే ఉండాయి. ఆ బొక్క ఉండేది లోపల చేరిన నీళ్ళు బయటికి పోయేదానికేనంట. మా మామ భుజం మీది తువ్వాలు తీసి ఆ నీళ్ళకు అడ్డం పెట్టినాడు, తువ్వాలంతా ఎర్రగా అయింది. ప్రతి శుక్రవారం పోసిన ఉప్పు నీళ్ళు సీటు సందునుంచి దిగి, బయటికి పోయే దోవ లేక ఆడనే నిలబడిపోయినాయి. అంగడతను స్క్రూడ్రైవరు మొనతో ఇరుసు పక్కన ఆకుపచ్చ గొట్టాన్ని నొక్కినాడు. మొన కసక్కున లోపలికి దిగిపోయింది. గొట్టం చుట్టూ సగందాకా నెర్రె ఇచ్చి ఉండాది, పైన రంగు ఒక్కటే పట్టుకొని ఉండాది. ఇంకో వారంలో బావ దాన్నెక్కి ఆ కాలవ గట్ల మీద ఉండాల్సినవాడు.

మామ గోడకు ఆనుకొని కిందికి జారి కూచున్నాడు. తువ్వాలు పిండలేదు, వదల్లేదు. ఆయన్ని ఏమని అంటా? కొడుకు క్షేమంగా తిరిగి రావాలనే గదా పోసినాడు.

అంగడతను లేచి, చేతులు తుడుచుకుంటా బావ వైపు తిరిగినాడు. తమిళంలో, నిదానంగానే అడిగినాడు.

"ఇది నెలల తరబడి ఏడ్చి ఉంటాదే అన్నా. మీకు వినపడలేదా?"

బావ అతని పెదవుల వైపే చూసినాడు. పెదవులు ఆగిపోయినాక కూడా చూసినాడు. ఆమీదట తల తిప్పి నా వైపు చూసినాడు. ఇంతకాలం కాపాడుకుంటా వచ్చిందేదో ఆ చూపులో లేదు.

"ఏమంటాడే?" అన్నాడు, తెలుగులో, మెల్లగా.

అంగట్లో కాగితం ఉండాది, పెన్ను ఉండాది. తమిళంలో రాసి చూపించొచ్చు. కానీ ఆయన నన్ను అడిగింది తెలుగులో. మా తెలుగుకు కాగితం లేదు, నోరూ చెవీ తప్ప ఇంకో దోవ లేదు. ఆ దోవ కూడా పూడిపోతా ఉండాదని ఆ నిమిషమే నాకు అర్థమైంది. తమిళం తెలుగయ్యే చోట దిగి కూచోవాలన్న మనిషి, ఆ చోటు దాటిపోయినా ఆయనకు తెలియదు. నేను దగ్గరికి పోయి, ఆయన తల పట్టుకొని, చెవికి నోరు ఆనించి గట్టిగా చెప్పినా.

"ఏడ్చిందంట బావా. శానా రోజులు ఏడ్చిందంట."

ఆయన కళ్ళు మూసుకున్నాడు, స్క్రూడ్రైవరు పెట్టి వినేటప్పుడు మూసుకున్నట్టే. కాసేపటికి నా చెయ్యి పట్టుకొని, మళ్ళా చెప్పు అన్నాడు. మళ్ళా చెప్పినా.